నొప్పి లేదు కదా అని ఊరుకోకండి

ఒకరోజు పొద్దున్నే మూత్రం ఎర్రగా వస్తుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు, మధ్యాహ్నానికల్లా మళ్లీ మామూలు రంగులోకి వచ్చేస్తుంది. వేడి చేసిందేమోలే అనుకుని నాలుగు గ్లాసుల నీళ్లు ఎక్కువ తాగుతాం, ఆ తర్వాత రెండు నెలల దాకా ఏమీ కనిపించదు కాబట్టి తగ్గిపోయిందనే నమ్ముతాం. మూత్రాశయ క్యాన్సర్ చాలామందిలో బయటపడేది సరిగ్గా ఇలాగే. లోపలి గోడకు పట్టుకుని పెరిగే కణితి అప్పుడప్పుడూ కాస్త రక్తం వదిలి ఆగిపోతుంది, రక్తం ఆగినా కణితి మాత్రం అక్కడే ఉంటుంది. ఎర్రగా వచ్చిన ప్రతిసారీ క్యాన్సరే అని భయపడనక్కర్లేదు, ఇన్ఫెక్షన్ కావచ్చు, రాయి కావచ్చు. కానీ అదేంటో ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఒక్కసారి కనిపించినా సరే, డాక్టర్‌కి చూపించుకోవాలి. ఆడవాళ్లకీ ఇదే మాట. వాళ్ల విషయంలో ఇన్ఫెక్షనే అనుకుని మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్స్ వాడుతూ నెలలు గడిపేయడం చాలాచోట్ల జరుగుతోంది.

సిగరెట్ పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి కదా, మూత్రాశయానికి ఏం సంబంధం అంటారు చాలామంది. పొగలోని విషాలు రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు వాటిని వడకట్టి మూత్రంలోకి పంపేస్తాయి, ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలో నిలవుంటుంది. అంటే ఏళ్లపాటు రోజూ ఆ లోపలి పొర విషంలో నానుతూనే ఉంటుందన్నమాట. ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. 1895లోనే లుడ్విగ్ రెన్ అనే జర్మన్ సర్జన్ రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకి మూత్రాశయంలో కణితులు వస్తున్నాయని గమనించాడు. రంగుల తయారీలో వాడిన అలాంటి రసాయనాలు కొన్ని పొగాకు పొగలోనూ ఉన్నాయని తర్వాత తేలింది.

పరీక్ష అంటే సన్నని గొట్టం చివర కెమెరా పెట్టి మూత్రనాళం గుండా లోపల చూడటం. వినగానే టెన్షన్ పడతారు గానీ, మత్తు జెల్ రాసి చేస్తారు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. తొలిదశలో ఉన్న కణితిని కడుపు కోయకుండా అదే దారిలో గీకి తీసేస్తారు. మళ్లీ రాకుండా కొందరికి బీసీజీ మందు, అవును, క్షయకి వేసే ఆ టీకా మందే, గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పంపి రెండు గంటలు ఉంచుతారు. దాంతో ఒంట్లోని రోగనిరోధక కణాలు అక్కడికి చేరి క్యాన్సర్ కణాల మీద పడతాయి. 1976లో కెనడా డాక్టర్లు మొదటిసారి దీని ఫలితాలు ప్రచురించారు, ఇప్పటికీ వాడుతున్నారు.

కిడ్నీ క్యాన్సర్ అయితే ఇంకా గుట్టుగా ఉంటుంది, వేరే దేనికోసమో స్కానింగ్ తీస్తే బయటపడటమే ఎక్కువ.

మగవాళ్లలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి దగ్గర అందరూ పొరబడే విషయం ఒకటుంది. వయసు మీదపడ్డాక ధార సన్నబడినా, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చినా క్యాన్సరేనని హడలిపోతారు. చాలాసార్లు అది మూత్రనాళం చుట్టూ ఉండే లోపలి భాగం వాయడమే. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది వెనకవైపు బయటి భాగంలో, అక్కడ నాళానికి ఒత్తిడి తగలదు కాబట్టి మొదట్లో ఏ ఇబ్బందీ తెలియదు. పీఎస్ఏ అని, ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంతుందో కొలిచే పరీక్ష కొంత చెబుతుంది, అయితే మామూలు వాపుకీ ఇన్ఫెక్షన్‌కీ కూడా ఆ అంకె పెరుగుతుంది. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే మీకు ముప్పు ఎక్కువ, పరీక్ష సంగతి ముందుగానే డాక్టర్‌తో మాట్లాడండి. నెమ్మదిగా పెరిగే రకమైతే వెంటనే ఆపరేషన్ చేయకుండా క్రమం తప్పకుండా గమనిస్తూ ఉండటం కూడా ఒక చికిత్సా పద్ధతే.

పురుషాంగం మీద మానని పుండు, చర్మం కింద దాగిన గడ్డ కూడా క్యాన్సర్ కావచ్చు. అరుదే గానీ, సిగ్గుతో ఏళ్లు దాచిపెట్టి ముదరబెట్టుకునేది ఎక్కువగా వాటినే.

వృషణాల క్యాన్సర్ కుర్రాళ్ల జబ్బు, 15 నుంచి 40 ఏళ్ల మధ్య ఎక్కువ. స్నానం చేసేటప్పుడు, చర్మం వదులుగా ఉన్నప్పుడు, ఒక్కోదాన్నీ బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య మెల్లగా దొర్లించి చూసుకోండి. వెనకవైపు మెత్తటి తాడులా తగిలేది సహజంగా ఉండేదే, ఒకటి రెండోదానికన్నా కాస్త కిందికి ఉండటమూ సహజమే. నొప్పి లేకుండా గట్టిగా బఠాణీ గింజలా తగిలితే ఆ వారంలోనే చూపించుకోవాలి. 1970ల్లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు (క్యాన్సర్ కణాలను చంపే మందు) రాకముందు ఇది ఒళ్లంతా పాకితే బతకడం కష్టమే. సైక్లిస్ట్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి 1996లో, 25 ఏళ్లకే, ఇది బయటపడింది, ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకాక కూడా నయమైంది. ఒక వృషణం తీసేసినా రెండోది బాగుంటే సాధారణంగా హార్మోన్లకీ పిల్లలకీ లోటుండదు. అయితే కీమో వీర్యకణాలను దెబ్బతీయొచ్చు, అందుకే వీర్యం ముందే భద్రపరచుకునే వీలుంది. ఆ మాట అడగడానికి మొహమాటపడి కీమో మొదలయ్యాక అడిగేవాళ్లు ఉన్నారు, అప్పటికి ఆలస్యమైపోతుంది.