ముద్దలో ఉందా, కడుగులో పోయిందా?

మా పక్క పోర్షన్‌లో ఉండే అక్క మొన్న డాక్టర్ చీటీ పట్టుకుని వచ్చింది. "సార్, చపాతి బంద్ చేసి నాలుగు నెలలాయె. కడుపుబ్బరం సగం తగ్గింది. ఇప్పుడేమో రక్త పరీక్ష చెయ్యాలె, దానికి ముందు ఆరు వారాలు మళ్లీ రోజూ గోధుమలు తినుమంటుండు డాక్టర్ సాబ్. పడనిదాన్ని తినుమనుడేంది? ఇదేం ఇకమత్?" అని అడిగింది. నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను, డాక్టర్ని కాను. అయినా ఆ ప్రశ్న వారం రోజులు నన్ను వదల్లేదు.

అక్కకు మూడేళ్ల కింద షుగర్ వచ్చింది. అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పారు, రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు తినమని. (చపాతిలో మహత్యమేమీ లేదు. అన్నం ఎంత తిన్నామో కంచానికి కూడా తెలియదు, చపాతి అయితే రెండంటే రెండే. లెక్క ఉండటమే దాని గొప్ప.) అంతకుముందు ఆమె ఇంట్లో గోధుమ అంటే పండగకు పూరీలు, ఉగాదికి భక్షాలు, ఎప్పుడైనా ఉప్మా. రోజూ చపాతి మొదలుపెట్టాక రాత్రి తొమ్మిదయ్యేసరికి పొట్ట డోలులా బిగుసుకునేది. అత్తగారు "గోధుమ వేడి, మన ఒంటికి పడదు" అని తేల్చేసింది. ఫోన్‌లో వీడియో చూసిన కొడుకు "గ్లూటెన్" అన్నాడు. కొడుకు మాటే నెగ్గింది.

గ్లూటెన్ అంటే ఏమిటో నోటితో చెబితే అర్థం కాదు, చేత్తో చూడాలి. రెండు పిడికిళ్ల మైదా గట్టిగా పిసికి అరగంట మూతపెట్టి ఉంచండి. తర్వాత ఆ ముద్దను గిన్నెడు నీళ్లలో పెట్టి మెల్లగా పిసకండి. నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడతాయి. ఆ మొదటి గిన్నె పారబోయకండి, దానితో మనకు పనుంది. నీళ్లు మార్చి మళ్లీ పిసకండి, మళ్లీ. నాలుగైదు సార్లయ్యాక నీళ్లు తేటగా వస్తాయి. అప్పుడు చేతిలో మిగిలేది నమిలిన చూయింగ్ గమ్‌లాంటి బూడిదరంగు ముద్ద. లాగితే జానెడు సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్, గోధుమలోని ప్రొటీన్. వంద గ్రాముల మైదాకు పాతిక, ముప్పై గ్రాముల తడి ముద్ద వస్తుంది. గిన్నెలో ఒక అయోడిన్ చుక్క వేస్తే నీళ్లు సిరా పోసినట్టు అవుతాయి. ముద్ద మీద వేస్తే అక్కడక్కడా అంటుకున్న పిండి తప్ప రంగు మారదు. మా పిల్లలంతా అయోడిన్ పరీక్ష బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. ఈ ముద్దను చేత్తో పట్టుకున్నవాడు మాత్రం క్లాసులో ఒక్కడు లేడు.

ఇదే పని జొన్న పిండితో చేయండి. చేతిలో ఏమీ మిగలదు, అంతా గిన్నెలోకే పోతుంది. మా అమ్మది కల్వకుర్తి వైపు. రొట్టెకు నీళ్లు మరగబెట్టి పిండిలో పోస్తుంది. ఆ వేడికి జొన్నలోని పిండి పదార్థం కొంచెం ఉడికి జిగురెక్కుతుంది. గ్లూటెన్ చేయాల్సిన పనిని ఆ అరువు జిగురే చేస్తుంది. కర్రతో ఒత్తితే చీలుతుంది కాబట్టి అరచేత్తో తడుతూ, తిప్పుతూ, అంచు పగిలినప్పుడల్లా తడి వేలితో పూడుస్తుంది. కొత్త కోడలు చేసిన రొట్టె అంచులు చూసి పెదవి విరిచే అత్తలు ఇప్పటికీ ఉన్నారు. పాపం, అందులో కోడలి తప్పేం లేదు. జొన్నలో గ్లూటెన్ లేదు.

ఇలా పిండిని కడిగి రెండుగా విడదీయవచ్చని 1728లోనే ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అనే ఆయన చూపించాడు. అది రోగుల దాకా రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. గోధుమ మానేస్తే సీలియాక్ (గోధుమ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్న పిల్లలు కోలుకుంటున్నారని హాలండ్ పిల్లల డాక్టర్ విల్లెం డిక్కె గమనించి, 1950లో తన థీసిస్‌లో పెట్టాడు. గోధుమలో ఏది? 1952లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ డాక్టర్లు మన గిన్నె పద్ధతే పట్టారు. కడుగులోని పిండి పదార్థం పెడితే పిల్లలకు ఏమీ కాలేదు, ముద్ద పెడితే జబ్బు తిరగబెట్టింది. సీలియాక్ విషయంలో తీర్పు ఆనాడే అయిపోయింది: దోషి ముద్దే.

ఎందుకు దోషి అంటే, అది పూర్తిగా అరగదు. మన జీర్ణరసాల్లోని ఎంజైములు ప్రొటీన్ గొలుసును ముక్కలు చేసే కత్తెరలు. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట గొలుసు మెలిక తిరుగుతుంది, కత్తెర దూరదు. గ్లూటెన్‌లోని గ్లయాడిన్ అనే ప్రొటీన్ నుంచి 33 అమైనో ఆమ్లాల తునక ఒకటి అలాగే మిగిలిపోతుంది. అందులో 13 ప్రోలీన్లు, 10 గ్లుటమిన్లు. ఇది నాకూ మీకూ అందరికీ మిగిలేదే. కొందరిలో అది పేగు గోడలోకి చేరాక టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము కొన్ని గ్లుటమిన్లను గ్లుటమిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. అంటే ఆ చోట్ల రుణావేశం (నెగటివ్ చార్జ్) వస్తుంది. ఆ ఆవేశమున్న తునక కొందరి రోగనిరోధక కణాల మీద ఉండే డీక్యూ2, డీక్యూ8 అనే రకం ప్రొటీన్ల గాడిలో అచ్చు తాళంచెవిలా కూర్చుంటుంది. దాన్ని చూసి టీ కణాలు, అంటే ఒంటికి కాపలా కాసే తెల్ల రక్తకణాలు, యుద్ధం మొదలుపెడతాయి. పేగు లోపల వేళ్లలా నిలబడి ఆహారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు ఆ యుద్ధంలో చదునైపోతాయి. ఇనుము ఒంటికి పట్టదు, రక్తం తగ్గుతుంది. మన దగ్గర ఆడవాళ్లకు రక్తహీనత మామూలే కదా అని మాత్రలిచ్చి పంపేస్తే అసలు సంగతి బయటపడదు. ఈ గొడవలో శరీరం ఆ టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ (టీటీజీ) మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. టీటీజీ ఐజీఏ పరీక్ష వెతికేది వాటినే (ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ).

అక్క ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు చూడండి. నీళ్లు మారి ఏళ్లయినా గోధుమరంగు మరక పోదు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా పన్ను సాక్ష్యం చెబుతుంది. సీలియాక్ మరక అలాంటిది కాదు. గోధుమ మానేసిన కొన్ని నెలల్లో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మెల్లగా మానుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. అందుకే తిని రమ్మంటారు. ముందు పరీక్ష, తర్వాత మానుడు అయితే ఈ తిప్పలుండేది కాదు. దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి, పుట్టుకతోనే ఐజీఏ తక్కువ ఉన్నవాళ్లలో పరీక్ష మోసం చేస్తుంది. మళ్లీ తినలేనంత బాధ ఉన్నవాళ్లకు ఇంకో దారుంది, డీక్యూ2, డీక్యూ8 జన్యుపరీక్ష. దీనికి గోధుమ తినక్కర్లేదు. ఆ రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు, మన దేశంలో సుమారు మూడోవంతు మందికి అవి ఉన్నాయి.

2016లో అచ్చయిన ఒక పెద్ద భారతీయ సర్వేలో ఉత్తరాన నూటికి 1.23 మందికి సీలియాక్ కనబడితే దక్షిణాన 0.10 మందికే కనబడింది. జన్యువుల్లో అంత తేడా లేదు. తేడా కంచంలో ఉంది: అక్కడ మనిషికి రోజుకు గోధుమ 455 గ్రాములు, ఇక్కడ 25. షుగర్ పుణ్యమా అని చపాతి మన రాత్రుళ్లలోకి వచ్చేసింది కాబట్టి ఆ 25 ఇంకా 25 దగ్గరే ఉంటుందని నేననుకోను.

అక్క ఆరు వారాలు తిన్నది, తిట్టుకుంటూ తిన్నది. పరీక్ష నెగటివ్ వచ్చింది. గోధుమ అలర్జీ కూడా లేదు. "అయితే నాది ఉత్త అనుమానమేనా సార్?" అంది. కాదు. ఇప్పుడు ఆ మొదటి గిన్నె తీయండి.

కడుగులోకి పిండి పదార్థమొక్కటే పోలేదు. నీళ్లలో కరిగే ఫ్రక్టాన్లు చాలావరకు అందులోకే పోయాయి. ఇవి ఫ్రక్టోజ్ చక్కెర గొలుసులు, వీటిని తెంపే ఎంజైము మనుషుల్లో ఎవరికీ లేదు. నేరుగా పెద్దపేగుకు చేరి అక్కడి బాక్టీరియాకు విందవుతాయి, గ్యాస్ పుడుతుంది. పేగు సున్నితంగా ఉన్నవాళ్లకు ఆ గ్యాసే నొప్పి. నార్వేలో గ్లూటెన్ పడదని చెప్పుకునే, సీలియాక్ లేని 59 మందికి మూడు రకాల బార్లు వారం వారం చొప్పున మార్చి తినిపించారు. ఒకదాంట్లో గ్లూటెన్, ఒకదాంట్లో ఫ్రక్టాన్, ఒకదాంట్లో ఏదీ లేదు. ఏది ఏదో తినేవాళ్లకు చెప్పలేదు. 2018లో వచ్చిన ఆ లెక్క ప్రకారం ఎక్కువ బాధ ఫ్రక్టాన్‌తో 24 మందికి, గ్లూటెన్‌తో 13 మందికి, ఏమీ లేని బారుతో 22 మందికి!

ఆ 22 మందిని చూసి నవ్వకండి. ఫంక్షన్‌లో తిని వచ్చి కడుపు పట్టుకున్నవాడికి దిష్టి తీయడం మనకు తెలుసు. ఉప్పులో, మిరపకాయల్లో ఏమీ లేదు. కానీ "ఇది తింటే నాకు పడదు" అన్న భయం పేగును నిజంగానే బిగిస్తుంది, పేగుకూ మెదడుకూ నరాల దారి ఉంది. నొప్పి నిజం, కారణమే వేరు.

అక్కలో మిగిలిన సగం ఉబ్బరం సంగతి నాకు అప్పుడు వెలిగింది. చపాతి మానేసి ఆమె తిన్నది జొన్న రొట్టె. జొన్నలో ఫ్రక్టాన్లు నామమాత్రం. మరి రొట్టెతో? ఎల్లిపాయ కారం, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. ఆ రెండూ ఫ్రక్టాన్ గనులు, తూకానికి తూకం చూస్తే ఎల్లిగడ్డలో గోధుమ పిండిలో కంటే చాలా ఎక్కువ. ముందు తలుపు మూసి దొంగను వెనక తలుపు నుంచి రానిచ్చినట్టయింది.

ముద్దా, కడుగా అన్నది తేలితే రోజువారీ బతుకు మారిపోతుంది. గిర్ని సంగతే చూడండి. మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి పోతారు, అదే రాళ్ల మధ్య మన జొన్నలు పోస్తారు. గ్లూటెన్ లేదని చెప్పుకునే పొట్లంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతాయి. గోధుమ పిండిలో పదోవంతు గ్లూటెన్ అనుకున్నా, కిలో జొన్న పిండి చెడటానికి 0.2 గ్రాముల గోధుమ పిండి చాలు. అంటే చిటికెడు. సీలియాక్ ఉన్నవాళ్లు ఇంట్లో సొంతంగా పట్టుకోవాల్సిందే, పులిహోరలో వేసే ఇంగువ డబ్బా మీద కూడా చదువుకోవాల్సిందే, చాలా ఇంగువ పొడుల్లో మైదా కలుపుతారు. చపాతి మానేశామంటూ బొంబాయి రవ్వ, సేమ్యా, టీలో రస్కు తినేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్రక్టాన్ పడనివాళ్లకు మాత్రం ఆ చిటికెడు లెక్కే కాదు. ఒక చపాతి తిన్నా బహుశా సర్దుకుంటుంది, నాలుగు తింటేనే పొట్ట లేస్తుంది.

అక్క ఇప్పుడు కొడుకు పాత నోట్‌బుక్‌లో రాస్తోంది. మొదటి వారం ఉల్లి, ఎల్లి లేకుండా జొన్న రొట్టె. రెండో వారం అవి కలిపి. మూడో వారం అవి లేకుండా మధ్యాహ్నం ఒక చపాతి, షుగర్ డాక్టర్‌కు చెప్పి. మొదటి వారం పేజీలో ఐదు రోజులకు "ఏం లేదు" అని ఉంది. రెండో వారం మంగళవారం దగ్గర పెద్దగా సున్నా చుట్టి పక్కన రాసింది: "డోలు".