చీఫ్ పీపుల్ ఆఫీసర్: అపోహలు - వాస్తవాలు

చీఫ్ పీపుల్ ఆఫీసర్ అంటే కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలన్నీ చూసే ఉన్నతాధికారి. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మా పని మీద జనంలో ఉన్న అపోహల్లో కొన్ని నన్ను బాగా బాధపెడతాయి. వాటి గురించే ఇది.

అపోహ: హెచ్‌ఆర్ మేనేజర్‌కే పెద్ద పేరు పెట్టారు.

కొన్ని చోట్ల మారింది పేరొక్కటే, నిజమే. ఖాళీ వచ్చాక మనిషిని వెతకడం హెచ్‌ఆర్ మేనేజర్ పని. రెండేళ్ల తర్వాత రాబోయే పనికి తగినవాళ్లు మన దగ్గర ఉన్నారా అని సీఈఓని ఇవాళే నిలదీయడం మా పని. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో (షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నవాటిలో) సీఎఫ్‌ఓ, అంటే ఆర్థిక వ్యవహారాల అధిపతి, కంపెనీ సెక్రటరీ తప్పనిసరి. మా పదవి ఆ జాబితాలో లేదు. అందుకే మా మాటకు ఎంత విలువ ఉంటుందన్నది చాలావరకు సీఈఓ మీదే ఆధారపడుతుంది.

అపోహ: అందరూ జీతం కోసమే మానేస్తారు.

ఒకమ్మాయి రాజీనామా ఇచ్చింది. ఎగ్జిట్ ఫారంలో "మెరుగైన అవకాశం" దగ్గర టిక్ పెట్టింది. ఫైలు మూసేసి, "మళ్లీ రమ్మంటే వస్తావా?" అని అడిగాను. ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా వైపు తిప్పింది. కాల్ లిస్టులో వరసగా ఒకటే పేరు, ఆమె మేనేజర్‌ది: రాత్రి 10:40, 11:15, 11:20.

"పాపని పడుకోబెట్టే టైమ్‌కి ఫోన్ వస్తుంది మేడం. ఎత్తకపోతే పొద్దున మీటింగ్‌లో అందరి ముందూ అడుగుతారు."

ఆ ఏడాది ఆ టీమ్ నుంచి వెళ్లినవాళ్లలో ఆమె నాలుగో మనిషి. నాలుగు ఫారాల్లోనూ అదే టిక్. కంపెనీ మొత్తం లెక్కలో అది ఎవరి కంటా పడలేదు. మేనేజర్ల వారీగా విడదీసి సీఈఓ ముందు పెట్టాను. ఆ మేనేజర్ పనిలో దిట్ట కాబట్టి నిర్ణయానికి రెండు నెలలు పట్టింది. చివరికి ఆయన్ని టీమ్ బాధ్యత నుంచి తప్పించి టెక్నికల్ పనికి మార్చారు. రెండో మనిషి వెళ్లినప్పుడే నేను చూసి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అపోహ: హెచ్‌ఆర్‌కి చెబితే మేనేజ్‌మెంట్‌కి చెప్పినట్టే.

ఇందులో కొంత నిజముంది. నేను యూనియన్ లీడర్‌ని కాను, నాకు జీతమిచ్చేది కంపెనీయే. అందుకే "కొన్ని విషయాలు విన్నాక ఊరుకోలేను" అని ముందే చెబుతాను.

లైంగిక వేధింపుల సంగతి వేరు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహిస్తారు, బయటి సభ్యులు ఒకరుంటారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి, ఫిర్యాదు చేసినవారి పేరు బయట పెట్టకూడదు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వగలదు. దయచేసి గడువు దాటేదాకా ఆగకండి.

అపోహ: లేఆఫ్‌లో ఎంతమందిని తీసేయాలో మేమే తేలుస్తాం.

ఆ సంఖ్య సాధారణంగా బిజినెస్, ఫైనాన్స్ వైపు నుంచి వస్తుంది. వేరే దారి ఉందా అని ముందు అడగాల్సింది మేమే. లేదని తేలాక ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సిందీ మేమే. ఒకసారి అలా చెబుతుంటే ఒకబ్బాయి జీతం గురించి అడగలేదు. వాళ్ల నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందని అడిగాడు. ఆ సాయంత్రమే సీఎఫ్‌ఓ దగ్గరికి వెళ్లి, ఆ జాబితాలో ఉన్న అందరికీ మూడు నెలలు పొడిగించమని అడిగాను. పొడిగించారు.