కొత్తిమీర కాడ లేస్తే వాసన ఎటుపోతుంది?

మార్చి వచ్చిందంటే వరంగల్ మిద్దెల మీద కుండీల్లో కొత్తిమీర కాడ లేస్తుంది. అడుగున విసనకర్రల్లాంటి వెడల్పాటి ఆకులు, పైన సోపు ఆకులాంటి సన్నటి పోగులు. ఇంకా పూత రాలేదు కదా అని కోసి పచ్చడి నూరితే ఆ ఘుమఘుమ ఉండదు. పూత దాకా ఆగనక్కర్లేదు, ఆ పోగుల్లాంటి ఆకు కనబడిన నాడే మొక్క గింజ కట్టే పనిలో పడ్డట్టు.

కొత్తిమీర ఆకు వాసన ఆల్డిహైడ్లు అనే రసాయనాలది, ముఖ్యంగా డెకనాల్, డెసెనాల్. అవి వేడికి ఇట్టే ఎగిరిపోతాయి, అందుకే పప్పు దించాక చల్లుతాం. ధనియాల వాసన లినలూల్ అనే మరో రసాయనానిది; ఎండిన ధనియాల నూనెలో సగానికి పైగా అదే. కాడ లేచాక మొక్క బలమంతా పూతకు, కాయకు పోతుంది. యూరియా చల్లి దాన్ని వెనక్కి మళ్ళించలేం. పైగా నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి వాసన పలచబడుతుంది.

కాడను తొందరపెట్టేవి వేడి, పగటి పొడవు. మన దగ్గర డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13 దాటుతుంది. కనుక బతుకమ్మ పండుగ అయ్యాక మొదలుపెట్టి సంక్రాంతి దాకా, పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం విత్తుకోవడమే మంచి పద్ధతి. అడుగు వెడల్పు కుండీకి అర చెంచా ధనియాలు చాలు. చెక్కతో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున వేయాలి. గట్టిగా నలిపితే లోపలి మొలక చితికి మొలవదు. తల్లివేరు మొక్క కాబట్టి నారు పీకి నాటొద్దు, వేరు తెగితే తొందరగా కాడకొస్తుంది. మట్టి ఒకనాడు బురద, ఒకనాడు పొడి అయినా అంతే. చల్క మట్టి త్వరగా ఆరుతుంది, దాంట్లో మాగిన పశువుల ఎరువు మూడో వంతు కలపాలి. 40 రోజులకు కోత.

పుదీనకు, తులసికి ఈ చిక్కు తక్కువ. పుదీన పూకంకి కనబడగానే నేలకు రెండు వేళ్ళ ఎత్తున కోసేస్తే మళ్ళీ చిగురిస్తుంది. తులసి వాసన ఆకు మీది సన్నటి నూనె గ్రంథుల్లో ఉంటుంది. వెన్ను లేతగా ఉన్నప్పుడే తుంచితే కింద రెండు కొమ్మలు వేసి కొత్తాకు ఇస్తుంది. నీడలో పెరిగినదాని ఆకు పెద్దదే కానీ ఘాటు తక్కువ. కొత్తిమీరకు మాత్రం ఎండాకాలంలో మధ్యాహ్నపు నీడ తప్పదు.

కాడ లేచిన మొక్కల్ని పీకెయ్యకండి, రెండు మూడు ఉంచండి. పచ్చి కాయల్లో ఆకు వాసన, ధనియాల వాసన రెండూ కలిసి ఉంటాయి. టమాట పచ్చడిలో నాలుగు దంచి వేస్తే ఆ రుచే వేరు.