కోటు లోపలి జేబు

చిన్నూకి, అమ్ములుకి, వాళ్ళతో పాటు మేడమీద చేరి గోల చేసే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం చిన్నూ ఫోన్లో నన్నొక ప్రశ్న అడిగాడు. వాడు ఆడే ఆటలో ఒక జర్మన్ సైనికుడికి తూటా తగులుతుందట. ఎర్ర ప్లస్ గుర్తున్న పెట్టె మీద కాలు పెట్టగానే లేచి మళ్ళీ పరిగెత్తుతాడట. "నిజంగా అంతేనా తాతయ్యా? వాడి వెనకాల వేలాడే రేకు డబ్బాలో ఉండేది ఆ మందేనా?" అన్నాడు. వెనకనుంచి అమ్ములు "కాదు, అది టిఫిన్ క్యారేజీ" అంది. నాకు నవ్వొచ్చి జవాబు చెప్పడం కుదరలేదు. ఇవాళ వాన పట్టుకుంది, కరెంటు కూడా లేదు. కూర్చుని రాస్తున్నాను.

ముందు డబ్బా సంగతి తేల్చేద్దాం. మీ ఇద్దరిదీ తప్పే. గాడులు గాడులుగా నొక్కిన ఆ పొడుగాటి డబ్బాలో ఉండేది విషవాయువు ముక్కులోకి పోకుండా తొడుక్కునే ముసుగు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ అనే ఊరి దగ్గర క్లోరిన్ వాయువును పెద్దయెత్తున మొదట వదిలింది జర్మన్ సైన్యమే. తరవాతి యుద్ధంలో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో, వాళ్ళ కొడుకులు ఆ డబ్బాను నడుముకు కట్టుకుని ఏళ్ళ తరబడి మోశారు. పెద్దవాళ్ళు చేసిన పని పిల్లల మెడకు చుట్టుకోవడమంటే ఇదే. అమ్ములూ, నువ్వన్న టిఫిన్ కూడా వాళ్ళ దగ్గర ఉండేదిలే, కాకపోతే గుడ్డ సంచిలో. దాని పేరే రొట్టె సంచి. పక్కనే 0.8 లీటర్ల అల్యూమినియం నీళ్ళ సీసా, దానికి ఉన్ని తొడుగు. తొడుగు తడిపితే మన కుండలో లాగే నీళ్ళు చల్లబడతాయి.

ఇక అసలు మందు ఎక్కడుండేదో చెప్తాను. ఇది కుట్టుపని సంగతి కాబట్టి నాకు బాగా ఇష్టం.

మా నాన్న దర్జీ అని మీకు తెలుసుగా. ఊళ్ళో ముసలాళ్ళు బనీను గుడ్డ తెచ్చి "లోజేబు పెట్టరా అబ్బాయ్" అనేవాళ్ళు. నాన్న కత్తెర పట్టుకునే ముందు ఒకే మాట అడిగేవాడు: "ఏం పెడతావు అందులో?" డబ్బులంటే వెడల్పుగా, పైన బొత్తాంతో. పొడుం డబ్బా అయితే ఇరుగ్గా, లోతుగా. ఏం పెడతారో తెలియకుండా జేబు కుట్టకూడదనేవాడు. ఒకసారి నేను అడక్కుండా కుట్టేస్తే, ఆ పెద్దాయన కళ్ళజోడు పట్టలేదు. నాన్న నన్నేమీ అనలేదు. జేబు మొత్తం విప్పదీసి, దారాలు నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమంతా ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాను.

ఆ మధ్య మీ అత్తయ్య దగ్గరికి జర్మనీ వెళ్ళినప్పుడు ఒక మ్యూజియంలో అద్దం వెనక ఆ సైనికుల కోటు చూశాను. బూడిదపచ్చ రంగు ఉన్ని గుడ్డ, బయటికి నాలుగు జేబులు. కుడివైపు ముందు అంచు కాస్త మడిచి ఉంచారు. లోపల, కింది భాగంలో, చిన్న జేబు, దానికో బొత్తాం. డబ్బులకైతే అంత కిందకి ఎవరూ పెట్టరు. "ఏం పెడతారు ఇందులో?" అని పైకే అనేశాను. అత్తయ్య పక్కనున్న చీటీ చదివి చెప్పింది: గాయానికి కట్టుకునే గుడ్డ.

దారంతో బిగించిన చిన్న పొట్లం. లోపల మెత్తటి దూది గుడ్డ, దానికే కుట్టిన పట్టీ. దారం తెంపి, మెత్త భాగానికి వేలు తగలనీయకుండా గాయం మీద పెట్టి చుట్టాలి. అందరి కోటుకీ అదే చోట ఉంటుంది కాబట్టి చీకట్లోనైనా పక్కవాడి చెయ్యి సరిగ్గా అక్కడికే పోతుంది. పడిపోయినవాడికి వాడి జేబులోదే కట్టాలి, నీది తియ్యకూడదు. నీది నీకే కావలసి రావచ్చు.

నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను చిన్నూ. ఇంకా తగలని గాయానికి ముందే జేబు కుట్టారు. ఒకటి కాదు, కోటు కోటుకీ. మిషన్ దగ్గర కూర్చున్నవాళ్ళకి అందులో ఏం పెడతారో తెలిసే ఉంటుంది కదా.

ఆ కోటు మీది బెల్టు బిళ్ళ మీద 'దేవుడు మాతో ఉన్నాడు' అని అచ్చుపోసి ఉంది. దేవుడు తోడున్నాడని పైన రాయించుకున్నవాళ్ళే లోపల కట్టుగుడ్డకి చోటు పెట్టించుకున్నారు. పైగా వీళ్ళు తమ ఊరి మీద ఎవరో పడితే వెళ్ళినవాళ్ళు కారు. హిట్లర్ పంపితే పక్క దేశాల మీద పడినవాళ్ళు. కుట్టు బాగుందని నేను మెచ్చుకుంటుంటే మీ నాయనమ్మ "కోటును చూడండి సరే, ఎక్కడికి తొడుక్కెళ్ళారో కూడా చూడండి" అంది. ఆవిడ మాటే నిజం.

ఇంకో గుడ్డ సంగతి కూడా చెప్పాలి. 1931 నుంచి ప్రతి సైనికుడికీ మూడు మూలల డేరా గుడ్డ ఒకటి ఇచ్చేవారు. రెండు అంచులు సుమారు 2 మీటర్లు, మూడోది ఇంకాస్త పొడుగు. చుట్టూ బొత్తాలు, మధ్యలో తల దూరేంత చీలిక. దీన్ని అర్థం చేసుకోవాలంటే మా తాత తువ్వాలు తెలియాలి. ఎండైతే ఆ తువ్వాలే తలపాగా. పొలానికి సద్ది కట్టుకెళ్ళేది అందులోనే. సంతకెళితే సంచి, గట్టు మీద పరుపు, అప్పుడే పుట్టిన మేకపిల్లను ఇంటికి తేవాలంటే ఉయ్యాల. నేను కొడవలి మీద కాలేస్తే దాని అంచు చించే కట్టాడు. సైనికుడి గుడ్డా అంతే! వాన వస్తే తల దూర్చి తొడుక్కునేవాడు. నలుగురు తమ తమ గుడ్డలు కలిపి బొత్తాలు పెట్టుకుంటే నలుగురూ పడుకునే డేరా అయ్యేది. అంటే ఒక్కడుంటే గొడుగు, నలుగురుంటే ఇల్లు. గడ్డి కూరి మూటకడితే వాగు మీద తేలేది. గాయపడినవాణ్ణి అందులో పడుకోబెట్టి అంచులు పట్టుకుని మోసుకొచ్చేవాళ్ళు, మా తాత మేకపిల్లను తెచ్చినట్టే. తెచ్చేలోపు వాడు బతక్కపోతే అందులోనే చుట్టి పూడ్చేవాళ్ళు కూడా. అమ్ములు ఇప్పుడు "తువ్వాలేసుకుని యుద్ధానికి ఎవరెళ్ళారు తాతయ్యా?" అంటుంది, నాకు తెలుసు. సరే, ఆపుతున్నాను. మరీ లాగితే తువ్వాలు చిరుగుతుంది.

మోసుకొచ్చినవాడి బొత్తానికి వైద్యం చేసేవాళ్ళు ఒక చీటీ కట్టేవారు. దానికి రెండు పక్కలా ఎర్ర గీతలు, పోస్టు బిళ్ళలకుండేలాంటి చిల్లులు. రెండు గీతలూ ఉంటే ఇతన్ని కదపకండి అని. ఒకటి చింపి ఉంటే బండెక్కించి పంపొచ్చు. రెండూ చింపేస్తే తన కాళ్ళ మీద తాను వెళ్ళగలడు. అర్ధరాత్రి లాంతరు వెలుగులో వంద మంది వచ్చిపడితే చదవడానికి టైమెక్కడిది? రంగు చూస్తే చాలు. మెళ్ళో ఇంకో బిళ్ళ ఉండేది, దానికి మధ్యలో విరవడానికి వీలుగా చీలికలు. రెండు సగాల మీదా ఒకే నంబరు. ఎందుకో ఫోన్లో అడుగు చిన్నూ, ఉత్తరంలో రాయను.

కట్టు కట్టినా చాలామంది తరవాత చీము పట్టి పోయేవారు. గేర్హార్డ్ డోమాక్ అని ఒకాయన జర్మనీలోని కీల్ ఊళ్ళో వైద్యం చదువుతూ 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి, తానే గాయపడి, ఆ తరవాత సైనిక ఆసుపత్రుల్లో పనిచేస్తూ అదంతా కళ్ళారా చూశాడు. తరవాత రోజుల్లో ప్రాంటోసిల్ అనే ఎర్ర రంగుపదార్థం ఎలుకల్లో చీము పట్టించే క్రిములను అణచిపెడుతుందని కనిపెట్టి 1935లో బయటపెట్టాడు. ఆ రోజుల్లోనే ఆయన చిన్న కూతురి చేతికి సూది దిగి, విషమెక్కి, చెయ్యి తీసెయ్యాలన్నంత దాకా వచ్చింది. ఆ ఎర్ర మందే ఇచ్చాడు. చెయ్యి దక్కింది. 1939లో నోబెల్ బహుమతి వస్తే హిట్లర్ ప్రభుత్వం వద్దనిపించింది. 1947లో పతకం అందింది, డబ్బు రాలేదు. సూది దిగితే ఏమవుతుందో దర్జీ ఇంట్లో పుట్టినవాడికి వేరే చెప్పాలా!

కీల్‌లోనే అంతకుముందు ఫ్రీడ్రిష్ ఫాన్ ఎస్మార్క్ అనే సైనిక వైద్యుడు ఉండేవాడు. 1823లో పుట్టాడు. ఆయన ప్రచారంలోకి తెచ్చిందీ మూడు మూలల గుడ్డే, కాకపోతే చిన్నది. చెయ్యి విరిగినా, తల పగిలినా, మోకాలు చీరుకున్నా దాన్ని ఒక్కో రకంగా మడిచి కట్టొచ్చు. ఎలా కట్టాలో బొమ్మలు ఆ గుడ్డ మీదే అచ్చు వేయించాడు. ఒక్కో బొమ్మలో ఒక్కో సైనికుడు ఒక్కో చోట కట్టుకుని ఉంటాడు. చదువు రానివాడు కూడా చూసి కట్టొచ్చు. 1882లో మామూలు జనానికి ప్రథమ చికిత్స నేర్పడానికి బడి కూడా పెట్టాడు. హైస్కూల్లో స్కౌట్ మాస్టారు మా చేత కట్టించింది ఆ కట్టే. అప్పుడు నాకు ఎస్మార్క్ ఎవరో తెలియదు. ముడి సరిగ్గా రాలేదని మూడుసార్లు విప్పించారని మాత్రం గుర్తుంది.

ఆటలోని పెట్టె సంగతి ఇక మీరే తేల్చుకోండి. అమ్మనడిగి మీటరు చదరపు పాత గుడ్డ తీసుకోండి. మూల నుంచి మూలకి కత్తిరిస్తే రెండు ముక్కలు, ఇద్దరికీ చెరొకటి. చిన్నూ చెయ్యి విరిగిందనుకో అమ్ములూ. మోచెయ్యి మడిపించి గుడ్డలో పెట్టు. వేళ్ళు బయటికి కనిపించాలి, గోళ్ళ రంగు మారుతోందేమో చూస్తుండాలి. ముడి మెడ వెనక ఎముక మీద కాకుండా కాస్త పక్కకి రానీ. కట్టాక ఫోటో పంపండి. ముడి కనిపించేలా తియ్యండి, నేను చూడాలి.

మీ తాతయ్య