సెమ్ పరీక్షల టెన్షన్: నేను రోజూ వినే అపోహలు

యూనివర్సిటీ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తుంటాను. సెమ్ పరీక్షలు దగ్గరపడితే నా గది ముందు కుర్చీలు చాలవు. చాలామంది ఒత్తిడి కంటే, దాని గురించి ఎవరో చెప్పిన మాటలు నమ్మి ఎక్కువ నలిగిపోయి వస్తారు.

అపోహ: ముందురోజు నైటౌట్ కొడితేనే సబ్జెక్టు గట్టెక్కుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. చదివింది మెదడులో కుదురుకోవాలంటే నిద్ర కావాలి. రాత్రి పదకొండింటికి తాగిన కాఫీలోని కెఫీన్ తెల్లవారుజామున నాలుగింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది (మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ), కాబట్టి అప్పుడు పడుకుందామన్నా సరిగ్గా నిద్ర పట్టదు. పొద్దున్న హాల్లో కూర్చుంటే ఆ పేజీ, దాని మీద పెన్సిల్‌తో గీసిన గీత కూడా కళ్ళ ముందు కనిపిస్తాయి కానీ జవాబు మాత్రం రాదు. అది తెలివి తక్కువై కాదు నాన్నా, నిద్ర తక్కువై. ఒక యూనిట్ వదిలేసినా ఫర్వాలేదు, కనీసం ఆరు గంటలు పడుకోండి. సిలబస్ వదిలేయమని కౌన్సెలరే చెప్పొచ్చా అని ఓ లెక్చరర్ గారు నన్ను అడిగారు. చెప్తాను, చెప్తూనే ఉంటాను.

అపోహ: టెన్షన్ అసలు ఉండకూడదు.

కొంచెం ఉంటేనే పుస్తకం తెరుస్తాం. హద్దు దాటితేనే చేటు.

అపోహ: మంచి ర్యాంకు వచ్చినవాళ్ళకి ఒత్తిడి ఏమిటి?

నా దగ్గరికి వాళ్ళే ఎక్కువ వస్తారు. ఇంటర్ రెండేళ్ళూ వారం వారం ర్యాంకుల మధ్య గడిపి, ఇక్కడికొచ్చాక మొదటిసారి బ్యాక్‌లాగ్ పడితే ఆ మాట ఎవరితో అనాలో తెలీదు. "బాగానే ఉన్నా అమ్మా" అని ఫోన్ పెట్టేస్తారు.

అపోహ: ధ్యానం చేస్తే అన్నీ పోతాయి.

వైవా ముందు గుండె దడగా ఉంటే, పీల్చినదానికన్నా ఎక్కువసేపు మెల్లగా ఊపిరి వదలండి, నిజంగా పనిచేస్తుంది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపేస్తే, ఆ పిల్లని కళ్ళు మూసుకుని కూర్చోమని ఎలా అంటాం? అక్కడ కావాల్సింది దరఖాస్తు రాసిపెట్టి, తోడుగా ఆఫీసుకి వచ్చే మనిషి. నేను వెళ్ళాను కూడా.

అపోహ: కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే పిచ్చి అనుకుంటారు, ఇంట్లో చెప్పేస్తారు.

ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే తప్ప, మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా మేం బయటపెట్టకూడదు. 2025 జులైలో, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ కాలేజీలో ఎవరున్నారో గట్టిగా అడగండి. అక్కడ మాట్లాడాలనిపించకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. పక్క మంచం మీద ఉన్న రూమ్మేట్‌ని లేపి, వాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకుని అప్పుడే ఫోన్ చేయండి.