కరిగెటలో మట్టి మొండితనం

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలారంటే మిర్యాలగూడ వైపు పొలాల్లోకి కరిగెటకు, అంటే నాట్ల ముందు నీళ్లు పెట్టి బురద దున్నడానికి, ఇనుప కేజ్ వీల్స్ తొడిగిన ట్రాక్టర్లు దిగుతాయి. చక్రం తిరుగుతున్నంతసేపు బురద పారుతూనే ఉంటుంది. ట్రాక్టర్ గట్టెక్కాక మాత్రం చక్రాల చాళ్లు అలాగే నిలిచిపోతాయి. మరి ఈ బురద ద్రవమా, ఘనమా?

నీళ్లలో రేణువులు కొద్దిగానే ఉంటే లెక్క తేలిక. ఐన్‌స్టీన్ 1906లో చెప్పి, 1911లో సరిచేసిన సూత్రం ప్రకారం ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు గుండ్రటి రేణువులు కలిస్తే చిక్కదనం రెండున్నర శాతం పెరుగుతుంది. కిక్కిరిసిన చోట ఈ లెక్క చెల్లదు. ఘనపరిమాణంలో 58 శాతం దాటాక సూక్ష్మగోళాలు పక్కవాటి మధ్య ఇరుక్కుపోయి గాజు స్థితికి, అంటే వరుస లేకుండానే గట్టిపడిన స్థితికి, చేరతాయి. 64 శాతం దగ్గర, అడ్డదిడ్డంగా పేరుకున్న గోళాలకు కదిలే సందే ఉండదు.

నల్లరేగడికి అంత మోతాదు కూడా అక్కర్లేదు. అందులోని బంకమట్టి రేణువులు పలచని రేకులు. విద్యుదావేశాల వల్ల అంచులూ ముఖాలూ అంటుకుని నీళ్లలోనే పేకమేడ కడతాయి. ఒక హద్దు దాటి తోస్తేనే ఆ మేడ కూలి బురద పారుతుంది. వదిలేస్తే మళ్లీ లేస్తుంది, గంటలు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని పదార్థానికి వయసు మీదపడటం అంటారు. రేగడిలో కరిగెట చేశాక ఒకటి రెండు రోజులు ఆగి నాట్లేయడం ఇందుకే: వెంటనే వేస్తే నారు నిలవదు, మరీ ఆలస్యమైతే వేలు దిగదు. ఇసుక పాలు ఎక్కువున్న చెల్కలో ఆగకూడదు, ఇసుక ఇట్టే అడుగున పేరుకుంటుంది.

అలా పేరుకున్న ఇసుక మహా మొండిది. దాన్ని కదిలించాలంటే రేణువులు ఒకదాని మీదుగా ఒకటి ఎక్కాలి, అంటే మధ్యలో సందులు పెరగాలి. ఈ సంగతి బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1885లోనే చెప్పాడు. ఆ సందుల్లోకి నీళ్లు చేరేదాకా పట్టు వదలదు. ఊబి ఇసుకలోంచి సెకనుకు ఒక సెంటీమీటర్ చొప్పున కాలు లాగడానికి ఓ మోస్తరు కారును ఎత్తేంత బలం కావాలని 2005లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు లెక్కగట్టారు. కంగారుపడి గుంజుకోవడం దండగ. కాలును మెల్లగా ఆడిస్తూ నీళ్లకు దారిస్తేనే వదులవుతుంది.

స్లాబు పనిలోనూ ఇదే భౌతికశాస్త్రం. తట్టలోంచి జారని కాంక్రీటు వైబ్రేటర్ పెట్టగానే సర్దుకుంటుంది, తీయగానే నిలబడుతుంది. కానీ ఒకేచోట ఎక్కువసేపు పెడితే కంకర కిందికి దిగి సిమెంటు పాలు పైకి తేలతాయి. మేస్త్రీ కేకలేసేది అప్పుడే.