తీగ తీసేసినా సీరియల్ లెక్కలు తప్పవు: బ్లూటూత్ అడాప్టర్లపై అపోహలు - వాస్తవాలు

తూకం మెషీన్లు, పీఎల్‌సీలు (ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే కంట్రోలర్లు), పాత ల్యాబ్ పరికరాలు... వీటి వెనకుండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు (డేటాను ఒక్కో బిట్టుగా పంపేది) బ్లూటూత్ అడాప్టర్ తగిలించి డేటా రప్పించడం నా పని. "పెయిర్ అయింది సార్, డేటా మాత్రం రావట్లేదు" అనే ఫోన్లే ఎక్కువ. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా.

అపోహ: పెయిర్ అయిందంటే కనెక్ట్ అయినట్టే.

పెయిరింగ్ అంటే రెండు పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకోవడం, అంతే. ఏదో ఒక ప్రోగ్రాం కామ్ పోర్టు (కంప్యూటర్‌లో సీరియల్ పోర్టుకుండే పేరు) తెరిచినప్పుడే అసలు లింకు ఏర్పడుతుంది. హెచ్‌సీ-05 అనే చవక బ్లూటూత్ మాడ్యూల్ ఉంటే దాని ఎల్‌ఈడీ చూడండి. పెయిరింగ్ పూర్తయ్యాక కూడా అది టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. పోర్టు తెరిచాక నెమ్మదిస్తుంది, రెండేసి మిణుకులు మిణికి కాసేపు ఆగుతుంది. స్క్రీన్ మీది మాట కన్నా నేను ఆ లైటునే నమ్ముతాను.

విండోస్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక్క అడాప్టర్‌కే రెండు కామ్ పోర్టులు కనిపించొచ్చు: ఒకటి అవుట్‌గోయింగ్, ఒకటి ఇన్‌కమింగ్. మనకు కావాల్సింది అవుట్‌గోయింగ్. పొరపాటున ఇన్‌కమింగ్ తెరిస్తే ఎర్రరూ రాదు, డేటా కూడా రాదు. అవతలివాళ్లు ఎప్పుడు పిలుస్తారా అని అది ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

అపోహ: బాడ్ రేటు (సీరియల్ తీగలో డేటా వెళ్లే వేగం) కంప్యూటర్‌లో మారిస్తే చాలు.

గాలిలో బాడ్ రేటు అనేదే లేదు, అక్కడ తిరిగేవి బ్లూటూత్ ప్యాకెట్లు. బాడ్ రేటు అవసరమయ్యేది అడాప్టర్‌కీ పరికరానికీ మధ్యనున్న ఆ జానెడు వైరులోనే. కాబట్టి దాన్ని అడాప్టర్‌లో సెట్ చేయాలి. కంప్యూటర్ సెట్టింగును అవతలికి చేరవేసే ఏర్పాటు ఆర్‌ఎఫ్‌కామ్‌లో (బ్లూటూత్ మీద సీరియల్ పోర్టును అనుకరించే ప్రొటోకాల్) ఉంది కానీ, చవక మాడ్యూళ్లు దాన్ని పట్టించుకోవు. హెచ్‌సీ-05 అయితే బటన్ నొక్కిపట్టి పవర్ ఇస్తే 38400 వేగంతో ఏటీ మోడ్‌లోకి (సెట్టింగులు మార్చే ఆదేశాలు తీసుకునే స్థితి) వెళ్తుంది. టెర్మినల్ ప్రోగ్రాంలో లైను చివర సీఆర్, ఎల్‌ఎఫ్ (లైను ముగిసిందని చెప్పే గుర్తులు) రెండూ పంపేలా పెట్టుకోండి. లేదంటే ఎన్నిసార్లు కొట్టినా 'ఓకే' రాదు.

బాడ్ రేటు కుదిరినా పారిటీ (తప్పులు పట్టడానికి ప్రతి అక్షరానికీ జతచేసే అదనపు బిట్టు) దగ్గర పట్టుబడొచ్చు. ఒకసారి తూకం మెషీన్ నుంచి కొన్ని అంకెలు శుభ్రంగా, కొన్ని పిచ్చి గుర్తులుగా వచ్చాయి. సిగ్నల్ లోపమేమోనని గంటసేపు అడాప్టర్‌ని అటూ ఇటూ జరిపాను. తర్వాత కాగితం మీద రాసుకుంటే తెలిసింది: 0, 3, 5, 6, 9 ఎప్పుడూ బాగానే వస్తున్నాయి, 1, 2, 4, 7, 8 ఎప్పుడూ చెడుతున్నాయి. మెషీన్ పంపుతున్నది 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ (మొత్తం ఒకట్లు సరిసంఖ్యలో ఉండేలా చూసేది). అడాప్టర్ తీసుకుంటున్నది 8 బిట్లు, పారిటీ లేకుండా. రెండింటి పొడవూ ఒకటే కాబట్టి బైటు దాటిపోతోంది, పారిటీ బిట్టు మాత్రం ఎనిమిదో డేటా బిట్టుగా వచ్చి కూర్చుంటోంది. ఆ పై బిట్టును సాఫ్ట్‌వేర్‌లో తీసేశాక అంకెలన్నీ దారికొచ్చాయి.

అపోహ: ప్లగ్ పట్టిందంటే వైరింగ్ సరిపోయినట్టే.

కంప్యూటర్ వైపు అమరికలో పిన్ 2 రిసీవ్, 3 ట్రాన్స్‌మిట్, 5 గ్రౌండ్. అడాప్టర్, పరికరం రెండూ అదే అమరికలో ఉంటే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఇంకో తీగ మీద ఇద్దరూ వింటారు. మధ్యలో నల్ మోడెమ్ (తీగల్ని అడ్డంగా మార్చే అడాప్టర్) పెట్టి 2, 3 మార్చాలి. అనుమానం ఉంటే పరికరాన్ని తీసేసి అడాప్టర్ 2, 3 పిన్నుల్ని చిన్న వైరుతో కలిపి, టెర్మినల్‌లో ఏదైనా టైప్ చేయండి. కొట్టిన అక్షరం తిరిగొస్తే అడాప్టర్, లింకు రెండూ బాగున్నట్టే. ఈ పరీక్ష బాడ్ తేడాను మాత్రం పట్టుకోదు. వెళ్లేదీ వచ్చేదీ ఒకే వేగం కదా!

అపోహ: ఆర్‌ఎస్‌-232 (తొమ్మిది పిన్నుల పోర్టు వాడే సిగ్నల్), టీటీఎల్ (చిప్‌ల మధ్య వాడే తక్కువ వోల్టేజీ సిగ్నల్) రెండూ సీరియలే, నేరుగా కలిపేయొచ్చు.

కలిపితే మాడ్యూల్ మాడిపోతుంది. ఆర్‌ఎస్‌-232 లైను మైనస్ 15 నుంచి ప్లస్ 15 వోల్టుల దాకా వెళ్లొచ్చు, హెచ్‌సీ-05 పిన్ను తట్టుకునేది 3.3 వోల్టులు. మధ్యలో వోల్టేజీలు మార్చే మాక్స్‌3232 లాంటి చిప్ ఉండాల్సిందే. 5 వోల్టుల బోర్డు నుంచి వచ్చే ట్రాన్స్‌మిట్ లైనుకైతే 1కే, 2కే రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించే డివైడర్ సరిపోతుంది.

అపోహ: తీగ ఉందా లేదా అన్నది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

తూకం లాంటివాటికి నిజంగానే తెలియదు. మాడ్‌బస్ ఆర్‌టీయూకి (ఫ్యాక్టరీ పరికరాలు మాట్లాడుకునే ప్రొటోకాల్) తెలుస్తుంది. అక్కడ మూడున్నర అక్షరాలంత నిశ్శబ్దం వస్తే సందేశం ముగిసినట్టు లెక్క. 9600 బాడ్ దగ్గర అది సుమారు 4 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఒకే సందేశాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో అంతకన్నా ఎక్కువ ఖాళీ వదలడం మామూలే. నేనైతే ముందు రెస్పాన్స్ టైమౌట్‌ను ఒక సెకను దాకా పెంచుతాను. బైట్లను పోగుచేసి ఒకేసారి పంపే సెట్టింగు అడాప్టర్‌లో ఉంటే దాన్నీ ఆన్ చేస్తాను.

అపోహ: ఏ ఫోన్‌తోనైనా పనిచేస్తుంది.

ఆండ్రాయిడ్‌తో సరే. ఐఫోన్‌లో మామూలు యాప్‌లకు క్లాసిక్ బ్లూటూత్ సీరియల్ ప్రొఫైల్ అందుబాటులో ఉండదు. యాపిల్ లైసెన్సున్న అడాప్టరైనా కావాలి, బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్ రకం) అడాప్టరైనా కావాలి. బీఎల్‌ఈలో ప్రామాణిక సీరియల్ ప్రొఫైల్ లేదు, ఒక్కో తయారీదారుడిది ఒక్కో పద్ధతి. యాప్ ఆ అడాప్టర్‌కు సరిపోతుందో లేదో కొనేముందే చూసుకోండి.